క్షమించే హక్కు మాది కాదు

అత్తాపూర్‌లో ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎవరైనా ముందుగా చెప్పేది పిల్లర్ నంబరు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున సాగే పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మా బస్తీ పక్కనుంచే పోతుంది. పైన శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళే కార్లు ఆగకుండా సాగిపోతుంటాయి. కింద ఆటోలు, తోపుడుబండ్లు, బడికి వెళ్ళే పిల్లలు. ఆ పిల్లర్ల కిందుగా నాలుగేళ్ళపాటు మేము ఒక పసిబిడ్డను ఎత్తుకొని ఆస్పత్రులకు, ప్రభుత్వ కార్యాలయాలకు, చివరకు వినియోగదారుల కమిషన్‌కు తిరిగాము.

మమ్మల్ని ఎరిగినవారు ఆ రోజుల్లో మూడు మాటలు అడిగేవారు. టీకా వేయిస్తేనే కదా బిడ్డ కాలు ఇలా అయింది, ఇంకా టీకాలు మంచివంటారేమిటి? జరిగింది అల్లాహ్ విధించినదే కదా, దాని మీద కేసు వేయడం ఈమాన్‌కు తగునా? తప్పు చేసినవారిని క్షమిస్తే పుణ్యం కదా, పరిహారం పేరుతో డబ్బు తీసుకోవడమేమిటి? నిజానికి ఈ మూడు ప్రశ్నలనూ అందరికంటే ముందు మాకు మేమే వేసుకున్నాము. వాటికి మాకు దొరికిన జవాబులు మరో ఇంటివారికి ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఇక్కడ రాస్తున్నాము.

2018 డిసెంబరులో మా చిన్నమ్మాయికి ఏడాదిన్నర నిండింది. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం రాకుండా పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇచ్చే డి.పి.టి. బూస్టర్ వేయించవలసిన సమయమది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ టీకా ఉచితంగానే వేస్తారు. అయితే పెద్దమ్మాయికి టీకా వేసిన ప్రతిసారీ జ్వరం వచ్చి రాత్రంతా నిద్ర ఉండేది కాదు. చిన్నదానికి ఆ బాధ వద్దనుకొని, నొప్పి తెలియని టీకా దొరుకుతుందని విని, డబ్బు కట్టి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు తీసుకువెళ్ళాము. బిడ్డకు నొప్పి ఉండకూడదన్న తాపత్రయమే మమ్మల్ని అక్కడికి నడిపించింది.

డాక్టరు లోపల వేరే రోగిని చూస్తున్నారు. కాంపౌండర్‌గా పనిచేసే యువకుడు వచ్చి, బిడ్డను మా ఒడిలో బోర్లా పడుకోబెట్టమని చెప్పి, పిరుదు మీద సూది వేశాడు. బిడ్డ అంతకు ముందెన్నడూ ఏడవని తీరులో కెవ్వున ఏడ్చింది. "టీకా అన్నాక ఏడవరా అమ్మా" అన్నాడతడు. మేమూ అంతేననుకున్నాము. కార్డు మీద స్టిక్కరు అతికించి, తేదీ వేసి, నర్సింగ్ హోమ్ ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ చిన్న స్టిక్కరు విలువ అప్పటికి మాకు తెలియదు.

మరునాడు ఉదయం బిడ్డ మంచం పట్టుకొని లేచి రెండడుగులు వేసి కూలబడింది. కుడిపాదం ముందు భాగం పైకి లేవడం లేదు. వేళ్ళు నేలకు రాసుకుంటున్నాయి. తొడిగిన చెప్పు రెండడుగులకే జారిపోతోంది. నర్సింగ్ హోమ్‌కు వెళ్ళి చూపిస్తే, "నొప్పికి అలా నడుస్తోంది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అన్నారు. దాదీఅమ్మ ఆవనూనె వేడి చేసి మర్దన చేసింది. ఐదో రోజుకూ మార్పు లేకపోవడంతో మరొక పిల్లల డాక్టరు దగ్గరకు పరుగెత్తాము. ఆయన బిడ్డ పాదాన్ని అటూ ఇటూ కదిపి చూసి, మాతో మాట్లాడకముందే ఎవరికో ఫోన్ చేశారు. మరునాడు ప్రభుత్వ వైద్యాధికారి ఒకరు మా ఇంటికి వచ్చారు.

పదిహేనేళ్ళలోపు పిల్లలెవరికైనా కాలుగానీ చేయిగానీ హఠాత్తుగా మెత్తబడి చచ్చుబడితే, కారణం ఏదని అనిపించినా సరే, అది పోలియో కాదని తేల్చుకోవడం మన ఆరోగ్య వ్యవస్థలో నియమం. మన దేశంలో చివరి వైల్డ్ పోలియో వైరస్ కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అయినా ఈ కాపలా ఆగలేదు. ఇరవై నాలుగు గంటల తేడాతో బిడ్డ మలం రెండుసార్లు సేకరించి, ఐస్ డబ్బాలో పెట్టి ప్రయోగశాలకు పంపారు. ఏ రోజు సూది వేశారు, ఎక్కడ వేశారు, ఏ రోజు నడక చెడింది అని అడిగి ఒక ఫారంలో రాసుకున్నారు. పిరుదు మీద ఇంకా మాననిసూది గుర్తును కూడా చూసి నమోదు చేశారు.

పోలియో కాదని తేలింది. ఆ తర్వాత నిమ్స్‌లో నరాల పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడింది. నడుము నుంచి పిరుదు గుండా కాలిలోకి దిగే తుంటి నరం సూది వల్ల దెబ్బతిన్నది. పసిపిల్లలకు ఆ చోట కండ పలచగా ఉంటుంది, నరం దగ్గరగా ఉంటుంది. అందుకే ఈ వయసు పిల్లలకు డి.పి.టి. టీకాను తొడ ముందుభాగంలో, కాస్త వెలుపలి వైపుకు వేయాలని జాతీయ టీకాల పట్టికలోనే రాసి ఉంది. పిరుదు మీద వేయకూడదు. టీకా మంచిదే, మందూ సరైనదే. వేసిన చోటు తప్పు.

అయితే బస్తీకి ఈ తేడా ఎలా తెలుస్తుంది? ఐస్ డబ్బాతో మా ఇంటికి వచ్చిన సిబ్బందిని అందరూ చూశారు. వారం తిరక్కుండానే, "టీకా వేయిస్తే పోలియో వచ్చిందట" అన్న మాట సందు చివరిదాకా పాకింది. మా వరుసలోనే ఇద్దరు తల్లులు తమ పిల్లలకు తట్టు టీకా వేయించడం మానుకున్నారని తెలిసింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా బిడ్డ కష్టాన్ని చూసి భయపడినవారి పిల్లలకు రేపు తట్టు వస్తే, ఆ పాపంలో మాకూ వాటా ఉండదా? మరునాడు మాలో ఒకరు కార్డు చేతబట్టుకొని ఆ రెండిళ్ళకూ వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చారు. ఒక తల్లి విన్నది. రెండో ఇంటికి మూడుసార్లు వెళ్ళవలసి వచ్చింది.

ఆ శీతాకాలం దాటి మార్చి రాగానే హైదరాబాద్ నగరం మొత్తం ఉలిక్కిపడింది. 2019 మార్చిలో నాంపల్లిలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు, జ్వరం వస్తే వేయమని పారాసిటమాల్ ఇవ్వవలసింది పోయి ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు ఇచ్చారు. తీవ్రమైన నొప్పులకు పెద్దలకు ఇచ్చే మందు అది. పిల్లలను వరుసగా నిలోఫర్ ఆస్పత్రికి తరలించారు. పసికందులు ప్రాణాలు కోల్పోయారు. మొదటి రోజున అందరి నోటా వినిపించిన మాట "టీకా వికటించింది" అనే. విచారణ జరిగితేనే మాత్ర సంగతి తెలిసింది. విచారణే లేకపోతే ఆ మచ్చ టీకా మీదే ఉండిపోయేది. మాత్రల పంపిణీలో జరిగిన పొరపాటు ఎవరి కంటా పడకుండా మరోచోట మరికొందరు పిల్లలను బలిగొనేది.

మా మొదటి ప్రశ్నకు జవాబు మాకు అక్కడే దొరికింది. టీకా వల్ల హాని జరిగిందన్న అనుమానం వచ్చినప్పుడు నోరు మూసుకోవడం టీకాకు చేసే మేలు కాదు. నిజం ఏమిటో అధికారికంగా తేల్చమని అడగడమే మేలు. తేల్చని అనుమానాలే పుకార్లవుతాయి.

తేల్చే వ్యవస్థ మన దేశంలో ఉంది. టీకా తర్వాత కలిగే ప్రతికూల ఘటనలను నమోదు చేసి పరిశీలించడానికి జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో కమిటీలు ఉన్నాయి. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం., ఆరోగ్య కేంద్రం డాక్టరు ఎవరి ద్వారానైనా సమాచారం జిల్లా టీకాల అధికారికి చేరాలి. ప్రైవేటులో వేయించుకున్న టీకా అయినా సరే. నిపుణులు కాగితాలన్నీ చూసి కారణాన్ని వర్గీకరిస్తారు. టీకా గుణం వల్లనే జరిగిందా, టీకా నాణ్యతా లోపమా, వేయడంలో పొరపాటా, సూది భయం వల్ల కలిగినదా, లేక యాదృచ్ఛికంగా అదే సమయానికి వచ్చిన వేరే జబ్బా అని చెబుతారు. ఏదీ తేలకపోతే తేలలేదనే రాస్తారు. మేము రాతపూర్వకంగా వివరాలు అందజేశాము. కొన్ని నెలలు గడిచాక సమాచార హక్కు చట్టం కింద అడిగితే, మా బిడ్డ విషయంలో "టీకా వేయడంలో పొరపాటు" అని వర్గీకరించినట్టు జవాబు వచ్చింది. ఒక్క వాక్యమే. ఆ వాక్యం చదువుకున్నాక, ఆరు నెలలుగా మా గుండెల్లో మెలిపెడుతున్న ప్రశ్న, బిడ్డను మేమే ఏదో చేసుకున్నామా అన్న ప్రశ్న, ఆగిపోయింది.

ఇక రెండో ప్రశ్న. దాదీఅమ్మ మొదటి నుంచీ ఒకటే మాట అనేది: "అల్లాహ్ రాసింది ఇంతే బేటా, సబర్ చేయండి." ఆమె మాటలో తప్పు లేదు. జరిగినదానిని తఖ్దీర్‌గా స్వీకరించడం మన విశ్వాసంలో భాగం. అయితే జరిగిన తర్వాత మనం ఏమి చేయాలన్నది కూడా మన విశ్వాసంలో భాగమే. సిరియా దేశంలో మహమ్మారి ప్రబలిందని విని హజ్రత్ ఉమర్ (ర) సైన్యంతో వెనుదిరిగినప్పుడు, దైవవిధి నుంచి పారిపోతున్నారా అని అడిగినవారికి, ఒక దైవవిధి నుంచి మరొక దైవవిధి వైపే వెళ్తున్నామన్న భావంతో ఆయన జవాబిచ్చిన ఘట్టం మనలో చాలామందికి తెలుసు. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న ప్రవక్త (స) బోధ మరింత ప్రసిద్ధం. వైద్యం తెలియకుండానే వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడని చెప్పే హదీసు అబూదావూద్ సంకలనంలో ఉంది. దైవప్రవక్త (స) ఆ హానిని విధివ్రాతకు వదిలి ఊరుకోలేదు, చేసినవాని మీద బాధ్యత ఉంచారు. సబర్ అంటే ఊరకుండిపోవడం కాదని, హద్దులు దాటకుండా నిలబడటమని మాకు అప్పుడు అర్థమైంది.

అన్నిటికంటే బరువైనది మూడో ప్రశ్న. 2019 రంజాన్ నెలలో, తరావీహ్ అయ్యాక, బస్తీ పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. నర్సింగ్ హోమ్ వారు కొంత సొమ్ము ఇస్తారని, ఇకపై ఎటువంటి ఫిర్యాదూ లేదని సంతకం చేస్తే చాలునని చెప్పారు. "భాయ్, మాఫ్ చేసేయండి. రంజాన్‌లో మాఫ్ చేస్తే అల్లాహ్ ఎంత ఇస్తాడు! ఆ పిల్లగాడు కూడా పేదవాడే" అన్నారు. కాంపౌండర్ పేదవాడన్నది నిజం. అతడి మీద మాకు కోపం కూడా చల్లారింది. సొమ్ము అవసరం మాకు చాలా ఉంది. దాదాపు ఒప్పుకున్నాము. అయినా మనసు నిలవక, ఆ రాత్రే మాలో ఒకరు మస్జిద్‌కు వెళ్ళి ఇమామ్ సాహెబ్‌ను అడిగారు.

ఆయన సూటిగా అడిగారు: "దెబ్బ తగిలింది మీ కాలికా?"

కాదు, బిడ్డ కాలికి.

"మీ హక్కును మీరు క్షమించండి, అది గొప్ప పుణ్యం. మీరు పడ్డ తిరుగుడు, మీ నిద్రలేని రాత్రులు, మీ మనసుకు తగిలిన గాయం, ఇవన్నీ మీవి. కానీ కాలు ఆమెది. ఆమె ఆస్తి మీ చేతిలో అమానత్. అనాథ సొమ్ము విషయంలో ఖుర్ఆన్ ఎంత గట్టిగా హెచ్చరించిందో మీకు తెలుసు. పసిబిడ్డ సొమ్మును దానం చేసే అధికారం సంరక్షకుడికి లేదని మన ఫిఖ్‌హ్ చెబుతుంది. ఆమె మేలుకోరి రాజీ పడవచ్చు. కానీ మీ పుణ్యం కోసం ఆమె హక్కును వదిలేయడానికి మీరెవరు? పెద్దయ్యాక ఆమె క్షమించాలనుకుంటే క్షమిస్తుంది. ఆ పుణ్యం కూడా ఆమెదే."

ఆ మాటలు విన్నాక మేము ఇంటికి వచ్చి నిద్రపోతున్న బిడ్డ పాదాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాము. అప్పటికే ఆ పాదం నిలువుగా ఉండటానికి ప్లాస్టిక్ పట్టీ కట్టాము. పాదం పెరిగినకొద్దీ పట్టీ మార్చాలి. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ. ఆ ఖర్చు ఏళ్ళ తరబడి ఉంటుంది. పెద్దలు చెప్పిన సొమ్ము రెండేళ్ళకు కూడా సరిపోదు. మర్నాడు మర్యాదగానే వద్దని చెప్పాము.

ఆశ్చర్యమేమిటంటే, ఇమామ్ సాహెబ్ మస్జిద్‌లో చెప్పిన మాటనే ఆ తర్వాత న్యాయవాది నోట విన్నాము. సివిల్ ప్రక్రియా స్మృతిలోని 32వ ఆర్డర్ ప్రకారం, మైనర్ తరఫున దావా నడిపేవారు న్యాయస్థానం అనుమతి లేకుండా రాజీ కుదుర్చుకోరాదు. ఆ రాజీ బిడ్డకు మేలు చేస్తుందా అని న్యాయమూర్తి స్వయంగా చూడాలి. రెండు న్యాయ సంప్రదాయాలు, వేరు వేరు కాలాల్లో, వేరు వేరు దారుల్లో నడిచి, పసిబిడ్డ విషయంలో ఒకే చోట ఆగాయి.

మన రాష్ట్రాలలోనే పసివారి హక్కు పెద్దల సంతకంలో ఎలా కరిగిపోతుందో తెలిపే ఉదంతం ఒకటి ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో గిరిజన సంక్షేమ హాస్టళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేసిన తీరును ఆ తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో తీవ్రంగా తప్పుపట్టింది. టీకా నిర్దోషి కావచ్చు. ఆ బిడ్డల తరఫున సంతకం పెట్టే హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచింది.

మేము నడిచిన దారి గురించి క్లుప్తంగా చెబుతాము. డబ్బు చెల్లించి పొందిన వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు వి.పి.శాంత కేసులో తీర్పు చెప్పింది. అందరికీ ఉచితంగానే వైద్యం చేసే చోట్లకు ఆ చట్టం వర్తించదని కూడా అదే తీర్పు చెప్పింది. అంటే ప్రభుత్వ కేంద్రంలో ఉచిత టీకాతో హాని జరిగితే సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్ళాలి. మేము డబ్బు కట్టాము కనుక మాకు కమిషన్ తలుపు తెరిచి ఉంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. 2019 నాటి కొత్త వినియోగదారుల చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలలోపు అయితే ఫీజు ఉండదు. 2020 శరత్కాలంలో, కరోనా భయాల నడుమ, గడువు దగ్గర పడుతుండగా రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో బిడ్డ పేరిట ఫిర్యాదు దాఖలు చేశాము.

న్యాయవాదికి ఫీజు ఎలా అన్న భయం మాకు ఉండేది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. ఈ సంగతి మా బస్తీలో ఎవరికీ తెలియదు. మేమూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కేవరకు నమ్మలేదు. అక్కడి నుంచి మాకు కేటాయించిన న్యాయవాది మొదట అడిగింది కాగితాలే.

ఆ కాగితాలే మమ్మల్ని నిలబెట్టాయి. సూది తొడ మీదనే వేశామని, బిడ్డకు ఏదో వైరస్ సోకి ఉంటుందని అవతలివారు వాదించారు. అప్పుడు టీకా కార్డు మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, ముద్ర మాట్లాడాయి. అన్నిటికంటే ముఖ్యంగా, సూది వేసిన వారంలోపే పోలియో నిఘా కోసం ప్రభుత్వ వైద్యాధికారి రాసుకున్న ఫారం మాట్లాడింది. మేము కేసు ఊసే ఎత్తని రోజున, మాతో ఏ సంబంధమూ లేని ఒక అధికారి, వేరే పనికోసం రాసిన నాలుగు వరుసలవి. అప్పు చిన్నదైనా పెద్దదైనా రాసుకోమని ఖుర్ఆన్ ఎందుకు ఆదేశించిందో మాకు ఆనాడు కొత్తగా అర్థమైంది.

2022 చివరలో ఉత్తర్వు వచ్చింది. అడిగినంత కాకపోయినా, వైద్యం ఖర్చులు, ముందు ముందు అవసరాలు లెక్కించి పరిహారం చెల్లించమన్నారు. చికిత్సకు కొంత విడుదల చేసి, మిగిలినది బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండేవరకు జాతీయ బ్యాంకులో ఆమె పేరిట డిపాజిట్ చేయమన్నారు. ఎంత అన్నది ఇక్కడ రాయము. అది మా సొమ్ము కాదు. శిక్షణ లేనివారి చేత టీకాలు వేయించరాదన్న మాట కూడా ఉత్తర్వులో ఉంది. మా మనసుకు ఊరట కలిగించినది ఆ వాక్యమే. ఆ కాంపౌండర్‌ను మేము ఎప్పుడో క్షమించాము. అతడి చేతికి సూది ఇచ్చి పంపినవారే బాధ్యత వహించాలన్నది మా వాదన.

ఇంతవరకు రాసి ఆపితే మా కథ సుఖాంతంలా ఉంటుంది. అలా ఆపడానికి మనసొప్పడం లేదు. మేము గెలవడానికి కారణం, మా విషయంలో ఒకరి తప్పు ఉండటం. ఎవరి తప్పూ లేకుండా, అన్నీ సరిగా జరిగినా, లక్షలమందిలో ఒకరికి టీకా వల్లనే తీవ్రమైన హాని కలగవచ్చు. అటువంటివారు ఎవరిని నిలదీయాలి? కోవిడ్ టీకా తర్వాత మరణించిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు 2021లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. వారిలో ఒక కుటుంబం మన హైదరాబాద్‌దే. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం, టీకా ప్రతికూలతలకు తాను బాధ్యత వహించజాలనని, నష్టపరిహారం కోరేవారు సివిల్ కోర్టులకు వెళ్ళవచ్చునని ఆ న్యాయస్థానానికి తెలిపింది. అంతకు రెండు నెలల ముందు కేరళలో టీకా తర్వాత భర్తను కోల్పోయిన ఒక మహిళ వేసిన పిటిషన్‌లో, అటువంటి మరణాలను గుర్తించి పరిహారం ఇచ్చేందుకు మార్గదర్శకాలు రూపొందించమని అక్కడి హైకోర్టు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థను ఆదేశించింది. ఆ వివాదమూ సుప్రీంకోర్టుకే చేరింది. మా ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్న ఆ నెలల్లోనే ఈ వార్తలు చదివాము. సివిల్ కోర్టుకు వెళ్ళి ఎవరి నిర్లక్ష్యాన్ని నిరూపించాలి వారు, అసలు నిర్లక్ష్యమే లేనప్పుడు?

బ్రిటన్ 1979లోనే దీనికి ప్రత్యేక చట్టం చేసింది. టీకా వల్ల తీవ్ర వైకల్యం కలిగితే అక్కడి ప్రభుత్వం ఒకేసారి నిర్ణీత మొత్తం చెల్లిస్తుంది. అమెరికా 1986లో చట్టం చేసి, టీకా నిరోధించే ఒక్కో వ్యాధికి డోసుకు 75 సెంట్ల చొప్పున పన్ను వసూలు చేసి నిధి ఏర్పాటు చేసింది. ఎవరి తప్పు అని అడగకుండా ఆ నిధి నుంచి పరిహారం ఇస్తారు. అంటే టీకా వేయించుకొని క్షేమంగా ఉన్న ప్రతి బిడ్డా, హాని పొందిన బిడ్డ కోసం కొద్దిగా చెల్లిస్తున్నట్టే.

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. ఖైబర్‌లో ఒక ముస్లిం హత్యకు గురైనాడు. చంపినదెవరో నిరూపణ కాలేదు. సాక్ష్యం లేక ఎవరి మీదా నేరం నిలవలేదు. అప్పుడు దైవప్రవక్త (స) ఆ రక్తం వృథా పోకూడదని, ప్రజల ఉమ్మడి సొత్తు అయిన సదఖా ఒంటెలలో నుంచి నూరు ఒంటెలను మృతుని కుటుంబానికి ఇప్పించారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. పొరపాటున జరిగిన మరణానికి దియత్ చెల్లించే బాధ్యతను ఒక్కరి మీదే వేయక, అతడి వంశం మొత్తం పంచుకునే పద్ధతిని కూడా మన ఫిఖ్‌హ్ నిలిపింది. టీకా వల్ల కలిగే రక్షణ సమాజం అందరిదీ. మా బిడ్డకు టీకా పడితే పక్కింటి బిడ్డకూ రక్షణే. మేలు అందరూ పంచుకుంటున్నప్పుడు, ఎక్కడో ఒక ఇంటి మీద పడిన హానిని కూడా అందరూ పంచుకోవడం న్యాయం. ఈ మాట అడగడం టీకాకు వ్యతిరేకం కాదు. టీకా మీద నమ్మకం నిలిచేది ఇటువంటి న్యాయం ఉన్నచోటనే.

సోదర సోదరీమణులకు మా మనవి ఇంతే. పిల్లల టీకాలు ఆపకండి. వేసేది ఎవరో, ఏ చోట వేస్తున్నారో చూడండి. అడగడానికి మొహమాటపడకండి. వేసిన తర్వాత అరగంట అక్కడే ఉండండి. కార్డును ఇంటి పత్రాలతో సమానంగా దాచండి. ఏదైనా తేడా కనిపిస్తే అదే రోజు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తెలపండి. అన్యాయం జరిగిందనిపిస్తే రెండేళ్ళ గడువు మరువకండి. బిడ్డ తరఫున ఏ కాగితం మీద సంతకం చేసేముందైనా, ఆ హక్కు ఎవరిదో ఒకసారి ఆలోచించండి.

అల్‌హమ్దులిల్లాహ్, మా బిడ్డ ఇప్పుడు నడుస్తుంది. పరుగెత్తేటప్పుడు కుడిపాదం కాస్త వెనుకబడుతుంది, అంతే. ఐదేళ్ళు నిండాక రెండో డి.పి.టి. బూస్టర్ వేయించవలసి వచ్చింది. ఆ వయసులో దానిని భుజం మీద వేస్తారు. ఈసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికే వెళ్ళాము. తీసుకువెళ్ళేముందు మా ఇద్దరికీ చేతులు వణికాయి. ఏ.ఎన్.ఎం. అక్క చొక్కా చేయి పైకి మడవమన్నది. బిడ్డ బిస్మిల్లాహ్ చెప్పి భుజం చాచింది. సూది అయ్యాక కార్డు తానే అందుకొని, తేదీ సరిగా పడిందా లేదా అని చూసి, మా చేతికిచ్చింది.